యలహంక మిద్దె మీంచి కనిపించిన లైట్లు: ఇలాంటివాటిని ప్రభుత్వం ఎప్పుడైనా విచారించిందా?

యలహంక_మిద్దె
8 ఫిబ్రవరి 2025, రాత్రి 11:52

అందరికీ నమస్కారం. నవ్వుకుంటే నవ్వుకోండి గానీ, అడక్కుండా నిద్ర పట్టేట్టు లేదు. మాది యలహంక న్యూటౌన్, మూడంతస్తుల ఇల్లు, పైన మిద్దె. వారం నుంచి మూడు రకాల లైట్లు చూస్తున్నాం.

ఒకటి, రోజూ పొద్దు గూకగానే పడమట ఒక పెద్ద లైటు. కదలదు. కాసేపు తెల్లగా, కిందికి దిగేకొద్దీ ఎర్రగా పచ్చగా మెరుస్తుంది. రెండు గంటలయ్యాక పక్క అపార్ట్‌మెంట్ వెనక్కి పోతుంది.

రెండోది గురువారం, ఏడు దాటాక. ఒకదాని వెనక ఒకటి, పూసల దండ లాగినట్టు పదిహేను ఇరవై చుక్కలు. చప్పుడు లేదు. నడినెత్తి దాకా వచ్చి ఒక్కొక్కటే మాయం.

మూడోది ఇందాక, పదకొండు దాటాక. తూర్పున మూడు నారింజ రంగు లైట్లు. ఊరికే నిలబడ్డాయి. తర్వాత ఒకటి ఆరింది, కాసేపటికి రెండోది, ఆ తర్వాత మూడోది. ఫోన్లో తీస్తే నల్ల గుడ్డ మీద మూడు మెతుకుల్లా పడ్డాయి, అంతే.

మా అత్తది మడకశిర పక్కన పల్లె. "కొరివిదెయ్యాలే, ఇంక పైకి ఎక్కొద్దు" అని తీర్పు చెప్పేసింది. మా ఆయన "ఏరో ఇండియా రిహార్సల్లే" అని దుప్పటి ముసుగేశాడు. ఆ విమానాల షో పుణ్యాన పక్షులు రాకూడదని మా చుట్టుపక్కల 13 కిలోమీటర్ల లోపల మాంసం కొట్లు జనవరి 23 నుంచి బంద్. కూర లేక అందరి బుర్రలూ గాల్లోనే ఉన్నాయేమో మరి.

అసలు ఇలాంటివాటిని మన దేశంలో అధికారికంగా ఎవరైనా పట్టించుకుంటారా?

పెనుగొండ_పిల్లోడు
9 ఫిబ్రవరి, ఉదయం 12:20

అక్కా, గ్రహాంతరవాసులు అంత దూరం నుంచి వచ్చి హెబ్బాళ ఫ్లైఓవర్ మీద ట్రాఫిక్ చూసి లైట్లార్పుకుని ఎనక్కి పోయుంటారు.

హోసకోటె_రాత్రిపక్షి
9 ఫిబ్రవరి, ఉదయం 7:05

మొదటిది శుక్రుడమ్మా. రాసిస్తాను కావాలంటే. ఈ నెల మధ్యలో ఈ సంధ్యవేళల్లోకెల్లా ఎక్కువ వెలుగుతో ఉంటాడు. కిందికి దిగేకొద్దీ వాడి వెలుగు మన గాలి పొరల్లో ఎక్కువ దూరం ప్రయాణించాలి. వేడిగాలీ చల్లగాలీ కలగాపులగమైన చోట ఆ కాంతి విరిగి ఎరుపు, ఆకుపచ్చ విడివిడిగా తళుక్కుమంటాయి. మన పెద్దవాళ్ళు తెల్లవారుజామున చూసి వేగుచుక్క పొడిచిందనేవాళ్ళే, అదే చుక్క ఇప్పుడు సాయంత్రం డ్యూటీలో ఉంది.

నా మాట నమ్మొద్దు. ఈ సాయంత్రం మీరే తేల్చండి. చెయ్యి బారుగా చాపి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు ఆకాశంలో దాదాపు 10 డిగ్రీలు. 7:15కి ఆ లైటు నేల గీత నుంచి ఎన్ని పిడికిళ్ళ ఎత్తులో ఉందో రాసుకోండి. మళ్ళీ 8:15కి కొలవండి. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది. తేడా ఒకటిన్నర పిడికిలి వస్తే అది భూమికి సంబంధించిన వస్తువు కాదు.

రెండోది స్టార్‌లింక్ (ఇంటర్నెట్ ఇచ్చే ఉపగ్రహాల) దండ లాగుంది. 2019 మే 24న మొదటి 60 ఉపగ్రహాలు ఒక్కసారే వదిలినప్పటి నుంచీ ప్రపంచమంతా ఇదే గోల. 2021 డిసెంబరులో పఠాన్‌కోట్‌లో జనం వీధుల్లోకొచ్చి చూశారు. నడినెత్తిన మాయమైందన్నారు చూడండి, అక్కడ అవి భూమి నీడలోకి వెళ్ళాయి. దీపం ఆర్పలేదు, ఎండ తప్పింది.

మూడోది నాకు తట్టలేదు.

నిజం_ఎక్కడో
9 ఫిబ్రవరి, ఉదయం 9:31

వచ్చేశారండీ. ఏ లైటు చూసినా శుక్రుడే. అరవై డెబ్బై ఏళ్ళుగా అన్ని ప్రభుత్వాలూ ఇదే పాట. అమెరికా ఎయిర్‌ఫోర్స్ ఇరవై ఏళ్ళు విచారణ చేసి ఏం చెప్పింది? బెలూన్, శుక్రుడు, కొంగలు. మరి అంత పనికిమాలిన విషయమైతే ఇరవై ఏళ్ళెందుకు చేశారట?

ఫైలు_పురుగు
9 ఫిబ్రవరి, ఉదయం 10:48

నా పేరుకు తగ్గ ప్రశ్న వచ్చింది, కూర్చోండి.

1947 జూన్ 24న కెన్నెత్ ఆర్నాల్డ్ అనే పైలట్ మౌంట్ రెయినియర్ దగ్గర తొమ్మిది మెరిసే వస్తువులు చూశానన్నాడు. అక్కడ మొదలైంది. ఎయిర్‌ఫోర్స్ ముందు ప్రాజెక్ట్ సైన్ అంది, తర్వాత గ్రడ్జ్ అంది, 1952లో బ్లూ బుక్ అని పేరు మార్చింది. ఒహాయోలోని రైట్-ప్యాటర్సన్ స్థావరంలో ఆఫీసు. 1969 డిసెంబరు 17న మూసేశారు. మొత్తం కేసులు 12,618. అందులో చివరిదాకా గుర్తు తెలియనివిగా మిగిలినవి 701.

అంతకాలం ఎందుకు చేశారో ఆనాటి కాలం చూస్తే తెలుస్తుంది. వాళ్ళ భయం గ్రహాంతరవాసులు కాదు, రష్యా. 1952 జూలైలో వాషింగ్టన్ మీద రాడార్లలో చుక్కలు కనబడి ఫైటర్ విమానాలు లేచాయి. వాతావరణంలో పైన వేడిగాలి, కింద చల్లగాలి పొర ఏర్పడితే రాడార్ కిరణాలు వంగి లేనివి చూపిస్తాయని ఎయిర్‌ఫోర్స్ చెప్పింది. 1953 జనవరిలో రాబర్ట్‌సన్ ప్యానెల్ కూర్చుంది. ఆ శాస్త్రవేత్తల బెంగ ఏమిటంటే, జనం పంపే ఈ కబుర్లతో ఫోన్లు నిండిపోతే నిజంగా బాంబర్లు వచ్చిన రోజు గుర్తుపట్టేదెవరని. అంటే విచారణ అసలు ప్రశ్న "అదేమిటి" కాదు, "అది మనకు ప్రమాదమా". ఈ రెండిటికీ తేడా ఉంది, సగం కొట్లాటలు అక్కడే పుడతాయి.

నిజం_ఎక్కడో
9 ఫిబ్రవరి, ఉదయం 11:15

701 మీరే ఒప్పుకున్నారుగా. ఇంకోటి కూడా చెప్పండి మరి. 1955లో వాళ్ళే 3,201 కేసులు లెక్కగట్టించి వేసిన నివేదికలో, సాక్షి మంచివాడై వివరాలు బాగున్న కేసుల్లోనే "తెలియదు" ఎక్కువ వచ్చింది. చెత్త రిపోర్టులే మిగిలిపోతాయని మీలాంటివాళ్ళు చేసే వాదన అక్కడ చెల్లదు.

ఫైలు_పురుగు
9 ఫిబ్రవరి, మధ్యాహ్నం 12:02

చెల్లదు, నిజమే. ఆ నివేదిక నంబరు 14. ఆ అంకె నన్నూ ఇబ్బంది పెడుతుంది. వాళ్ళ సలహాదారు హైనెక్ అనే ఖగోళ శాస్త్రవేత్తను కూడా ఇబ్బంది పెట్టినట్టుంది. 1966లో మిషిగన్ లైట్లను చిత్తడినేల వాయువు అన్నాడని దేశమంతా ఆయన్ని ఎగతాళి చేసింది. తర్వాత ఆయనే ఎయిర్‌ఫోర్స్ విచారణ పద్ధతిని దుమ్మెత్తిపోసి, 1973లో సొంతంగా పరిశోధన కేంద్రం పెట్టుకున్నాడు. (ఆ చిత్తడినేల వాయువు వాదనే మన కొరివిదెయ్యాలకూ చెబుతుంటారు. మడకశిరలో చిత్తడినేల ఎక్కడుందని మాత్రం అడగొద్దు.)

కానీ "గుర్తు తెలియలేదు" అన్నదాన్ని "పరాయి గ్రహం నుంచి వచ్చింది" అని చదవడానికి ఆ నివేదికలో ఏమీ లేదు. తాళంచెవి కనబడకపోతే దొంగ వచ్చాడని అర్థమా?

పెనుగొండ_పిల్లోడు
9 ఫిబ్రవరి, మధ్యాహ్నం 12:10

మా ఇంట్లో అయితే అదే అర్థం సామీ. నేనే ఆ దొంగ.

మాజీ_జవాన్_కంభం
9 ఫిబ్రవరి, మధ్యాహ్నం 3:40

అమ్మాయ్, నువ్వు మన దేశంలో అని అడిగావు, వీళ్ళు అమెరికా చుట్టూ తిరుగుతున్నారు. లదాఖ్ సంగతి ఎవరూ ఎత్తరేం?

2012లో పాంగాంగ్ సరస్సు వైపు మన జవాన్లు, ఐటీబీపీ (టిబెట్ సరిహద్దు పోలీసు) వాళ్ళు రాత్రిళ్ళు పసుపు లైట్లు చూశారు. చైనా వైపు కొండ అంచు మీద లేచి, గంటల తరబడి ఆకాశంలో నడిచి పోయేవి. డ్రోన్లు పంపుతున్నారని అనుమానం. ఆ చలిలో, ఆ సరిహద్దులో కాపలా కాసేవాడికి వేరే ఏం అనుమానం వస్తుంది? ఒక్కటీ వదలకుండా రాసి పైకి పంపారు. 329 సార్లు కనబడ్డట్టు నమోదు చేస్తే, అందులో 155 సార్లు మన గీత దాటాయని లెక్క. రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ దాకా పోయింది వ్యవహారం.

నేను అప్పటికే రిటైరై కేఆర్ పురంలో ఉన్నాను. కానీ 2000 మొదట్లో లేహ్ అవతల పోస్టింగ్ చేసినవాణ్ని కాబట్టి ఆ పేపరు చదువుతుంటే నవ్వు రాలేదు. చీకట్లో ఒంటరి చుక్కను తదేకంగా చూస్తే అది కదులుతుంది. నిజంగా కాదు, కంటికి. మా హవల్దార్ ఒక ఉపాయం చెప్పేవాడు: గోడ మీద రెండు రాళ్ళు ముందూవెనకా పెట్టు, వాటి మీదుగా చూడు, పది నిమిషాలాగి మళ్ళీ చూడు. రాళ్ళు అబద్ధమాడవు గదా.

హోసకోటె_రాత్రిపక్షి
9 ఫిబ్రవరి, సాయంత్రం 4:55

జవాన్ గారూ, ఈ కథకు ముగింపు మన ఊళ్ళోనే ఉంది. ఆ లైట్లేమిటో తేల్చమని అడిగింది కోరమంగళలోని భారత ఖగోళ భౌతిక సంస్థను. వాళ్ళకు లదాఖ్‌లోనే హాన్లే దగ్గర 4,500 మీటర్ల ఎత్తున 2 మీటర్ల దుర్భిణి ఉంది. దాన్ని ఉపగ్రహ లింకు మీద నడిపేది మా హోసకోటె కేంద్రం నుంచే. నేను రోజూ ఆ గేటు ముందు నుంచే పోతాను, లోపల ఉద్యోగం కాదు లెండి, కూరగాయల లోడుకు.

జవాబు 2013 జూలైలో పత్రికలకెక్కింది. సాయంత్రం లేచి తెల్లవార్లూ ఉండేది గురుడు. తెల్లవారుజామున లేచేది శుక్రుడు. లెక్క చూడండి ఎంత సరిగ్గా కుదురుతుందో. 2012 జూన్ 6న శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటాడు, నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని మనమంతా చూశాం. ఆ తర్వాత వాడు తెల్లవారుజాము ఆకాశంలోకి మారాడు. గురుడేమో డిసెంబరు 3న సూర్యుడికి సరిగ్గా ఎదురుగా వచ్చాడు, అంటే పొద్దు గూకగానే లేస్తాడు, పొద్దు పొడిచాక దిగుతాడు. ఆ ఎత్తులో గాలి పలచన, దుమ్ము లేదు. మైదానంలో ఎప్పుడూ చూడనంత వెలుగుతో కనిపిస్తారు ఇద్దరూ.

నిజం_ఎక్కడో
9 ఫిబ్రవరి, సాయంత్రం 5:20

ఒక్క నిమిషం. 2012 నవంబరులో వచ్చిన వార్తల్లో ఖగోళ శాస్త్రవేత్తలు చూసి "ఇవి గ్రహాలు కావు, ఉల్కలు కావు" అన్నారని రాశారు. ఎనిమిది నెలలకే గ్రహాలయ్యాయా? దీన్నే నేను మాట మార్చడం అంటాను.

మాజీ_జవాన్_కంభం
9 ఫిబ్రవరి, సాయంత్రం 5:58

మాట మార్చారనే అనుకుందాం బాబూ. దేని మీద మార్చారన్నది చూడు. మొదట ఉన్నది "లైటు కనబడింది, అటు పోయింది" అన్న రిపోర్టులు. తర్వాత ఏ టైముకు, ఏ దిక్కున, ఎంత ఎత్తులో అని కొలిచి రాసిన రిపోర్టులొచ్చాయి. వాటిని గ్రహాల పట్టికతో పోలిస్తే దొరికింది. కొత్త కాగితం వచ్చాక కూడా పాత మాటే పట్టుకునే ఆఫీసర్‌తో పనిచేశాను నేను, ఆ బాధ నీకు తెలీదు.

పైగా అక్కడ నిజం డ్రోన్లు అసలే రాలేదని కూడా ఎవరూ అనలేదు. ఆ లైట్లు అవి కావన్నారంతే.

యలహంక_మిద్దె
9 ఫిబ్రవరి, రాత్రి 9:26

కొలిచాను!!

7:15కి మూడు పిడికిళ్ళు. 8:15కి ఒకటిన్నర. మా ఆయన పిడికిలితో కొలిస్తే రెండు ముప్పావు వచ్చింది, ఆయన చెయ్యి పెద్దది. తేడా మాత్రం ఇద్దరికీ దాదాపు ఒకటే. కింది ఇంటివాళ్ళ పిల్లోడు దుర్భిణి తెచ్చాడు. అందులో చూస్తే గుండ్రంగా లేదు! చిన్న నెలవంక! చంద్రుడేమో ఇంకో చోట నిండుగా ఉన్నాడు. మా అత్త కూడా చూసి "శుక్రుడికి కొమ్ములుంటాయా" అని అడిగింది. ఏం చెప్పాలి?

హోసకోటె_రాత్రిపక్షి
9 ఫిబ్రవరి, రాత్రి 9:41

ఉంటాయని చెప్పండి. శుక్రుడు మనకూ సూర్యుడికీ మధ్యకు వస్తున్నాడు, వెలుగు పడే పక్క మన నుంచి తిరిగిపోతోంది. మార్చి 23కి మధ్యలోకి వచ్చేస్తాడు. అప్పటిదాకా కొమ్ములు సన్నబడుతూ, ఆకారం పెద్దదవుతూ పోతుంది.

మల్లేశ్వరం_మూడోతరం
10 ఫిబ్రవరి, ఉదయం 8:12

మేం ఇక్కడే పుట్టినోళ్ళం, నా తెలుగులో కన్నడ దొర్లితే సర్దుకోండి. మన బెంగళూరులో అధికారిక జవాబు ఎలా వస్తుందో చూడాలంటే 2020 మే 20 గుర్తు తెచ్చుకోండి. లాక్‌డౌన్, మధ్యాహ్నం ఒంటిగంట దాటింది, ఢాం అని ఒక చప్పుడు. కిటికీలు అదిరాయి. మా తాత "భూకంపం" అని చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి వచ్చేశారు. భూకంప మాపకాల్లో ఏమీ లేదన్నారు. సాయంత్రానికల్లా రక్షణ శాఖ ప్రకటన: వాయుసేన పరీక్షా విమానం 36,000 నుంచి 40,000 అడుగుల మధ్య ధ్వనిని మించిన వేగం నుంచి తక్కువ వేగానికి తగ్గుతున్నప్పుడు వచ్చిన చప్పుడు, ఊరికి చాలా బయట జరిగింది అని.

నాకు నచ్చిందేమంటే ఆ ప్రకటనలో ఎత్తు ఉంది, కారణం ఉంది. ఆ మధ్యలో వాట్సాప్‌లో మాత్రం ఉల్క పడింది, యుద్ధం వచ్చింది, ఎవరో దేవుడు కోపించాడు, అన్నీ అయిపోయాయి.

నిజం_ఎక్కడో
10 ఫిబ్రవరి, ఉదయం 8:50

ఇంఫాల్ సంగతి? 2023 నవంబరు 19. విమానాశ్రయం పైన ఏదో కనబడిందని మూడు గంటలు రాకపోకలు ఆపేశారు, రఫేల్‌లు లేచాయి. దానికి ఎత్తు ఏది, కారణం ఏది?

మల్లేశ్వరం_మూడోతరం
10 ఫిబ్రవరి, ఉదయం 9:03

ఆ పాయింటు మీకే. ఒప్పుకున్నా.

విమానాల_పిచ్చి
10 ఫిబ్రవరి, మధ్యాహ్నం 1:30

షో మొదటి రోజు, యలహంక గేటు బయట నిలబడి మెడ పట్టేసింది, అయినా మూడో లైటు గురించి రాయక తప్పదు.

దేవనహళ్ళి ఎయిర్‌పోర్టు రన్‌వేలు రెండూ తూర్పు పడమరలు. దిగే విమానం మన వైపే ముఖం పెట్టి వస్తుంటే ల్యాండింగ్ లైటు ఆకాశంలో మేకు కొట్టినట్టు ఆగి కనిపిస్తుంది, మలుపు తిరగ్గానే టక్కున పోతుంది. వరసగా మూడు విమానాలు క్యూలో ఉంటే మూడు లైట్లు. కానీ మీరు నారింజ అన్నారు, విమానం లైటు తెల్లగా ఉంటుంది. పైగా పక్కకు తిరిగాక ఎడమ రెక్క ఎరుపు, కుడి రెక్క ఆకుపచ్చ, మధ్యలో టపటప కొట్టుకునేది కనిపించాలి. కనిపించాయా?

యలహంక_మిద్దె
10 ఫిబ్రవరి, మధ్యాహ్నం 2:15

లేదన్నా. మిణకలేదు కూడా. బొగ్గు నిప్పులా ఉన్నాయి.

ఫైలు_పురుగు
10 ఫిబ్రవరి, మధ్యాహ్నం 2:44

నారింజ రంగు, ఒక్కొక్కటే ఆరడం అంటే ఫీనిక్స్ గుర్తొస్తుంది. 1997 మార్చి 13, అమెరికాలోని అరిజోనా, ఫీనిక్స్ ఊరు. రాత్రి పది ప్రాంతంలో కనిపించిన వరస లైట్లు, సైనిక శిక్షణలో ఏ-10 విమానాలు జారవిడిచిన పారాచూట్ మంటలు. అవి మెల్లగా దిగుతూ కొండ వెనక్కి ఒక్కొక్కటే పోయాయి. వీడియోలో కొండ కనబడదు కాబట్టి ఆరిపోయినట్టే అనిపించింది. పగలు అదే చోటి నుంచి తీసిన ఫోటో మీద రాత్రి వీడియో పెట్టి చూస్తే లెక్క సరిపోయింది.

అందుకని నీవు చెయ్యాల్సింది: అదే చోట నిలబడి పగలు ఒక ఫోటో తియ్యి.

హోసకోటె_రాత్రిపక్షి
10 ఫిబ్రవరి, సాయంత్రం 6:10

నా ఓటు ఆకాశ లాంతర్లకు. శనివారం రాత్రి, ఏదో పెళ్ళో పుట్టినరోజో. లోపల మైనం మండినంతసేపే ఆయుష్షు, తర్వాత ఒక్కొక్కటే ఆరుతాయి. గాలి తూర్పు నుంచి వీస్తుంటే అవి మీ వైపే వస్తాయి, పక్కకు జరిగినట్టు కనిపించవు. ఒక్కటే చిక్కు. లాంతరయితే కాగితం, తీగ చట్రం ఎక్కడో పడాలి.

యలహంక_మిద్దె
11 ఫిబ్రవరి, రాత్రి 8:35

పగటి ఫోటో తీశాను. ఆ దిక్కున కొండ లేదు, కడుతున్న ఒక అపార్ట్‌మెంటూ దాని క్రేనూ ఉన్నాయి. క్రేను పైన ఎర్ర దీపం ఉంటుంది గానీ ఒక్కటే, రోజూ ఉంటుంది. రాత్రి ఫోటోలో లైట్లు క్రేను కంటే రెండు పిడికిళ్ళు పైనున్నాయి. పొద్దున వాకింగ్‌లో ఆ వైపు నాలుగు వీధులు తిరిగాను, తీగ చట్రం దొరకలేదు. ఒక చీరెల దుకాణం బెలూన్ ముక్క దొరికింది, అది పాతది.

పెనుగొండ_పిల్లోడు
11 ఫిబ్రవరి, రాత్రి 8:40

అక్క సొంతంగా బ్లూ బుక్ ఓపెన్ చేసిందిరా నాయనా.

నిజం_ఎక్కడో
11 ఫిబ్రవరి, రాత్రి 9:12

నేను వాదన వదల్లేదు గానీ, ఈ థ్రెడ్‌లో జరిగిన విచారణ నేను చదివిన చాలా వాటికన్నా నయం. అమెరికాలో ఇలాంటివాటి విచారణకు 2022లో పెట్టిన "ఆరో" (AARO) అనే విభాగం కూడా 2024 మార్చి నివేదికలో పరాయి గ్రహాల టెక్నాలజీకి ఆధారం దొరకలేదంది. నేను నమ్మను. కానీ మా చెల్లెమ్మ క్రేను ఫోటో నమ్ముతాను.

నిర్వాహకుడు
11 ఫిబ్రవరి, రాత్రి 9:30

థ్రెడ్‌ను "ఖగోళం"లోకి మార్చమని ఇద్దరు, "వింతలు"లోకి మార్చమని ముగ్గురు రాశారు. "బెంగళూరు కబుర్లు"లోనే ఉంచుతున్నాను. డ్రోన్ అని అనుమానం ఉండి, అది విమానాల దారిలో ఎగురుతుంటే మాత్రం ఇక్కడ రాస్తూ కూర్చోకండి, 112కు ఫోన్ చేయండి.

మాజీ_జవాన్_కంభం
11 ఫిబ్రవరి, రాత్రి 10:05

అమ్మాయ్, ఇప్పుడు రిజిస్టర్‌లో ఎక్కిద్దాం. తేదీ, టైము, దిక్కు, ఎత్తు, రంగు, ఎంతసేపు, చూసినవాళ్ళు ఎవరు. చివరి గడిలో "గుర్తు తెలియలేదు" అని రాసి సంతకం పెట్టు. లాంతరు కావచ్చని పక్కన పెన్సిల్‌తో రాసుకో, సిరాతో వద్దు.

యలహంక_మిద్దె
12 ఫిబ్రవరి, ఉదయం 6:48

రాశాను మామా, మా పిల్ల లెక్కల నోటు వెనక పేజీలో. 8 ఫిబ్రవరి, రాత్రి 11:20 ప్రాంతం, తూర్పు, మూడు పిడికిళ్ళ ఎత్తు, నారింజ, నాలుగైదు నిమిషాలు.

"చూసినవాళ్ళు" గడి దగ్గర అత్తను అడిగితే ఇప్పుడు చెబుతోంది: "మూడు గాదు, నాలుగు. నువ్వు ఫోను తీసేలోపే ఒకటి ఆరిపాయె." ఇన్ని రోజులూ ఎందుకు చెప్పలేదత్తా అంటే, "నన్ను ఎవరడిగినారు?" అంది.

ఇప్పుడు కొట్టేసి నాలుగు అని దిద్దాలా?

మాజీ_జవాన్_కంభం
12 ఫిబ్రవరి, ఉదయం 7:02

దిద్దొద్దు. నీది మూడు, ఆమెది నాలుగు. కింద ఇంకో వరస గీసి ఆమె మాట ఆమె పేరుతోనే రాయి. వేలిముద్రయినా సరే.